శాసనసభ మారినా రాజ్యసభ ఎందుకు వెంటనే మారదు? సభ్యత్వం, పదవీకాలం, విడతల లెక్క

సంక్షిప్తంగా: రాజ్యసభకు రద్దు లేదు. సభ్యులు ఆరేళ్లకు ఎన్నికై, రెండేళ్లకోసారి సుమారు మూడోవంతు మంది చొప్పున దిగిపోతారు. వారిని ఎన్నుకునే శాసనసభ కాలం మాత్రం ఐదేళ్లే. ఈ రెండు కాలాలు ఒకదానితో ఒకటి సరిపోవు కాబట్టి ఒక శాసనసభకు రాష్ట్రంలోని రాజ్యసభ సీట్లన్నీ నింపే అవకాశం వస్తుంది, ఆ తర్వాతి శాసనసభకు కొన్నే దక్కుతాయి. ఒక్కో విడతలో సీట్లు తగ్గిన కొద్దీ ప్రతిపక్షం ఒక సీటు గెలవడానికి కావలసిన బలం పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అనుభవం ఈ రెండు సూత్రాలనూ స్పష్టంగా చూపుతుంది.

2024 ఫలితాలు లేవనెత్తిన ప్రశ్న

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫలితాలు వెలువడినప్పుడు 175 స్థానాల్లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి 164 వచ్చాయి, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 11 మిగిలాయి. ఆ రోజున రాజ్యసభలో రాష్ట్రానికి ఉన్న 11 సీట్లూ వైఎస్సార్ కాంగ్రెస్ చేతిలోనే ఉన్నాయి. శాసనసభలో 135 స్థానాలు గెలిచిన తెలుగుదేశానికి ఎగువ సభలో ఒక్క సభ్యుడు కూడా లేడు. ప్రజాతీర్పు ఒక దిక్కున, ఎగువ సభ జాబితా మరో దిక్కున ఉన్న ఈ స్థితి చాలామంది పాఠకులకు అర్థం కాని విషయంగా మిగిలింది.

దీనిలో నియమ విరుద్ధమేమీ లేదు. రాజ్యసభ సీటు నేటి శాసనసభను ప్రతిబింబించదు, ఆ సీటుకు ఎన్నిక జరిగిన రోజున ఉన్న శాసనసభను ప్రతిబింబిస్తుంది. ఓట్లు ఎన్ని వచ్చాయన్న దానితో సమానంగా ఏ తేదీన ఎన్ని సీట్లు ఖాళీ అయ్యాయన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఓట్ల గురించి జరిగినంత చర్చ తేదీల గురించి జరగదు కనుక ఈ వ్యాసం ఎక్కువగా తేదీల మీదే నిలుస్తుంది.

ఆరేళ్ల కాలం ఎక్కడ రాసి ఉంది

రాజ్యాంగంలోని 80వ అధికరణ రాజ్యసభ గరిష్ఠ సంఖ్యను 250గా నిర్ణయించింది. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల ప్రతినిధులు 238 మందికి మించరాదు, రాష్ట్రపతి నామినేట్ చేసేవారు 12 మంది. ప్రస్తుతం సభలో ఉన్న స్థానాలు 245, వాటిలో 233 ఎన్నికైనవారివి. ఏ రాష్ట్రానికి ఎన్ని అన్నది నాలుగో షెడ్యూలులో ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌కు 31, మహారాష్ట్రకు 19, తమిళనాడుకు 18 ఉండగా గోవాకు, సిక్కింకు, మిజోరాంకు ఒక్కొక్కటే ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7.

సభ్యుడి ఆరేళ్ల కాలం రాజ్యాంగంలో రాసి ఉందని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగంలోని 83వ అధికరణ చెప్పింది వేరు: రాజ్యసభ రద్దు కాదు, వీలైనంత వరకు మూడోవంతు సభ్యులు ప్రతి రెండో ఏట విరమించాలి. ఆరేళ్లు అనే మాట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 154వ సెక్షన్‌లో ఉంది. రాజ్యసభ 1952 ఏప్రిల్ 3న ఏర్పడి మే 13న తొలిసారి సమావేశమైంది. అప్పుడు సభ్యులంతా ఒకేసారి వచ్చినవారే కాబట్టి, ఆరేళ్ల తర్వాత ఒకేసారి పోకుండా ఉండేందుకు రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా కొందరి కాలాన్ని కుదించారు. ఒక భాగం 1954 ఏప్రిల్ 2న, మరో భాగం 1956లో, మిగిలినవారు 1958లో విరమించారు. విడతలు అలా మొదలయ్యాయి. ఏప్రిల్ 2 అనే తేదీ నేటికీ చాలా రాష్ట్రాల సభ్యుల పదవీకాలంలో కనిపిస్తుంది.

సభ ఎప్పుడూ ఖాళీ కాకూడదన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. లోక్‌సభ రద్దయినప్పుడు అక్కడ పెండింగులో ఉన్న బిల్లులు మురిగిపోతాయి. రాజ్యసభలో ప్రవేశపెట్టి, ఇంకా లోక్‌సభ ఆమోదం పొందకుండా రాజ్యసభలోనే ఉన్న బిల్లు మాత్రం బతికే ఉంటుంది. మహిళా రిజర్వేషన్ బిల్లు ఈ తేడాకు మంచి ఉదాహరణ. 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ఆ బిల్లుకు 2009 ఎన్నికల వల్ల ఏమీ కాలేదు. 2010 మార్చి 9న రాజ్యసభ దాన్ని ఆమోదించి లోక్‌సభకు పంపింది, అక్కడ చర్చకు రాకుండానే 2014లో ఆ లోక్‌సభ కాలంతో పాటు మురిగిపోయింది.

నామినేటెడ్ సభ్యుల కాలమూ ఆరేళ్లే. సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ రంగాల నుంచి వారిని ఎంపిక చేస్తారు. వారు ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయగలరు కానీ రాష్ట్రపతి ఎన్నికలో వేయలేరు. సభ్యత్వం స్వీకరించిన ఆరు నెలల్లోపు ఒక పార్టీలో చేరే వెసులుబాటు వారికి ఉంది, ఆ గడువు దాటాక చేరితే సభ్యత్వం పోతుంది.

సీట్లు తగ్గితే కావలసిన బలం పెరుగుతుంది

రాజ్యసభ సభ్యులను శాసనసభకు ఎన్నికైన ఎమ్మెల్యేలు మాత్రమే ఎన్నుకుంటారు. శాసనమండలి సభ్యులకు, నామినేటెడ్ ఎమ్మెల్యేలకు ఇందులో ఓటు లేదు. పద్ధతి దామాషా ప్రాతినిధ్యం: ఎమ్మెల్యే తన బ్యాలెట్ మీద అభ్యర్థులకు 1, 2, 3 అంటూ ప్రాధాన్యాలు ఇస్తాడు. ఒకటికి మించి సీట్లున్నప్పుడు ప్రతి బ్యాలెట్ విలువను 100గా లెక్కిస్తారు. చెల్లిన ఓట్ల మొత్తం విలువను, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి వచ్చిన అంకెతో భాగించి, దానికి ఒకటి చేర్చితే గెలుపు కోటా వస్తుంది. కోటా దాటిన అభ్యర్థికి మిగిలిన విలువ తర్వాతి ప్రాధాన్యాల వారికి బదిలీ అవుతుంది.

175 మంది ఎమ్మెల్యేలున్న ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు సీట్లకు ఎన్నిక అనుకుంటే, అందరూ ఓటేసినప్పుడు మొత్తం విలువ 17,500. దాన్ని 5తో భాగిస్తే 3,500, ఒకటి కలిపితే 3,501. ముప్పై ఐదు మంది ఎమ్మెల్యేలు ఇచ్చే విలువ సరిగ్గా 3,500. ఒక్క పాయింటు తక్కువ కావడంతో ముప్పై ఆరో ఎమ్మెల్యే అవసరమవుతాడు. మూడు సీట్లకే ఎన్నికైతే కోటా 4,376, అంటే 44 మంది. పదకొండు సీట్లకూ ఒకేసారి ఎన్నిక పెడితే కోటా 1,459 దగ్గర ఆగుతుంది, 15 మంది ఎమ్మెల్యేలు చాలు.

2019లో ఎన్నికైన శాసనసభలో తెలుగుదేశానికి 23 మంది, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 మంది ఉన్నారు. సీట్లన్నిటికీ ఒకే ఎన్నిక జరిగే పద్ధతి ఉండి ఉంటే 23 మంది బలంతో ఒక సీటు దక్కేది. విడతలుగా జరగడం వల్ల నాలుగు సీట్ల ఎన్నికలోనూ, మూడు సీట్ల ఎన్నికలోనూ ఆ బలం సరిపోలేదు. 2020 జూన్ 19న నాలుగు సీట్లకు జరిగిన పోలింగులో అధికార పక్షం అభ్యర్థులు నలుగురూ 38 చొప్పున ఓట్లు పొందగా, తెలుగుదేశం అభ్యర్థికి 17 వచ్చాయి. దామాషా పద్ధతి చిన్న పక్షాలకు రక్షణ ఇవ్వడానికే పుట్టింది. ఆ రక్షణ సీట్ల సంఖ్య పెద్దదైనప్పుడే పనిచేస్తుంది. విడతకు రెండు, మూడు, నాలుగు సీట్లుండే మధ్యస్థ రాష్ట్రాల్లో అది బాగా బలహీనపడుతుంది. 31 సీట్లున్న ఉత్తరప్రదేశ్‌లో ఒక్క విడతలోనే పది వరకు సీట్లు ఖాళీ అవుతాయి కనుక అక్కడ ఇంత తీవ్రత ఉండదు.

తెలంగాణలో 2023 డిసెంబరు ఎన్నికల్లో 119 స్థానాల్లో కాంగ్రెస్ 64, భారత్ రాష్ట్ర సమితి 39 గెలిచాయి. 2024 ఆరంభంలో ఖాళీ అయినవి మూడు సీట్లు, కోటా 30 మంది. కాంగ్రెస్‌కు రెండు, భారత్ రాష్ట్ర సమితికి ఒకటి వచ్చే లెక్క ముందే తేలిపోవడంతో ఎన్నిక ఏకగ్రీవమైంది. అవే సంఖ్యలను రెండు సీట్ల విడతకు వర్తింపజేస్తే కోటా 40 మందికి చేరుతుంది. మూడు సీట్ల ఎన్నికలో తొమ్మిది మంది మిగులుతో గెలిచే పక్షం రెండు సీట్ల ఎన్నికలో ఒక్క ఎమ్మెల్యే తక్కువై నిలిచిపోతుంది. ఒకే పక్షం, ఒకే బలం, ఖాళీల సంఖ్య ఒకటి మారితే ఫలితం తారుమారు.

రెండు విడతలు దక్కే శాసనసభ, మూడు విడతలు దక్కే శాసనసభ

ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 11 సీట్లు మూడు విడతల్లో 4, 4, 3గా ఉన్నాయి. 2016లో నాలుగు, 2018లో మూడు, 2020లో నాలుగు, మళ్లీ 2022లో నాలుగు, 2024లో మూడు ఎన్నికకు వచ్చాయి. ఇప్పుడు శాసనసభల కాలాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. 2014లో వచ్చిన శాసనసభకు 2016, 2018 విడతలు మాత్రమే దక్కాయి, మొత్తం ఏడు సీట్లు. 2019 నాటి శాసనసభ కాలంలో 2020, 2022, 2024 విడతలు మూడూ పడ్డాయి, పదకొండు సీట్లూ. చివరి విడత ఎన్నిక 2024 ఫిబ్రవరిలో, అంటే శాసనసభ ఎన్నికలకు సుమారు మూడు నెలల ముందు ముగిసింది. 2024 శాసనసభకు 2026, 2028 విడతలు వస్తాయి, ఎనిమిది సీట్లు.

ఐదేళ్లు, రెండేళ్లు అనే రెండు అంతరాలు కలిసి నడిచినప్పుడు ఇలా జరగక తప్పదు. ఒక శాసనసభ మూడు విడతలు పొందితే తర్వాతిది రెండే పొందుతుంది. శాసనసభలు పూర్తికాలం కొనసాగితే 2029లో వచ్చేదానికి 2030, 2032, 2034 విడతలు మూడూ పడే అవకాశం ఉంది. 2024 ఏప్రిల్ 3న కాలం మొదలైన వై.వి. సుబ్బారెడ్డి, గొల్ల బాబూరావు, మేడా రఘునాథరెడ్డిల సభ్యత్వం 2030 ఏప్రిల్ 2 వరకు ఉంటుంది. వారిని ఎన్నుకున్న శాసనసభ ముగిసిపోయింది, దాని తర్వాతి శాసనసభ కూడా ముగిసి కొత్తది వచ్చాకే ఆ సీట్లు ఖాళీ అవుతాయి. ఎగువ సభలో నిన్నటి తీర్పు కొంతకాలం నిలిచి ఉండాలన్నది రాజ్యాంగ నిర్మాతల ఆలోచనే. కానీ ఆ నిలకడ అన్ని తీర్పులకూ సమానంగా దక్కడం లేదు. ఏ ఎన్నికలో గెలిచారన్న తేదీని బట్టి ఒక పార్టీకి పదకొండు, మరో పార్టీకి ఎనిమిది అందుతున్నాయి.

తెలంగాణలో ఈ వరుస భిన్నంగా ఉంది. ఆ రాష్ట్రంలో 2018లో శాసనసభ ముందుగానే రద్దయి డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఆ శాసనసభకు 2020, 2022 విడతలే దక్కాయి, అంటే నాలుగు సీట్లు. 2023 డిసెంబరులో వచ్చిన శాసనసభకు 2024, 2026, 2028 విడతలు మూడూ, అంటే ఏడు సీట్లూ వస్తాయి. ముందస్తు ఎన్నికల నిర్ణయం ఒక్కటి రాజ్యసభలో రాష్ట్ర ప్రాతినిధ్యాన్ని ఏళ్ల తరబడి ప్రభావితం చేయగలదని ఇది చూపుతుంది. ఆ నిర్ణయం తీసుకునే సమయంలో ఈ కోణం చర్చకు వచ్చిన సందర్భాలు అరుదు.

కాలం ఎప్పుడు మొదలవుతుంది

సభ్యుడి ఆరేళ్లు ప్రమాణ స్వీకారంతో మొదలవవు. చట్టంలోని 155వ సెక్షన్ ప్రకారం, ఎన్నికైనవారి పేరు గెజిట్‌లో ప్రకటితమైన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. సాధారణంగా పాత సభ్యుడి కాలం ముగిసిన మరుసటి రోజుకు సరిపోయేలా ఈ ప్రకటన వస్తుంది కాబట్టి తేడా కనిపించదు. 2020లో కనిపించింది.

ఆ ఏడాది ఏప్రిల్ 9న ఆంధ్రప్రదేశ్ నుంచి నలుగురు, తెలంగాణ నుంచి ఇద్దరు విరమించాల్సి ఉంది. మార్చి 26న పోలింగ్ పెట్టారు. తెలంగాణలో ఇద్దరే బరిలో మిగలడంతో కె. కేశవరావు, కె.ఆర్. సురేశ్‌రెడ్డి మార్చిలోనే ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. వారి కాలం 2020 ఏప్రిల్ 10న మొదలై 2026 ఏప్రిల్ 9 వరకు నిర్ణయమైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు పోటీలో ఉన్నందున పోలింగ్ తప్పలేదు. ఇంతలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి పోలింగ్ జూన్ 19కి వెళ్లింది. అక్కడి నలుగురి కాలం జూన్ 22న మొదలైంది, ముగింపు 2026 జూన్ 21. రాష్ట్రానికి రెండు నెలలకు పైగా నలుగురు సభ్యులు తక్కువగా ఉండటమే కాక, ఆ విడత తేదీ కూడా జూన్‌కు మారిపోయింది. ఒకే రోజున ఎన్నికై ఒకే రోజున విరమించవలసిన రెండు రాష్ట్రాల సీట్లు, ఒకచోట పోటీ ఉండి మరోచోట లేకపోవడం వల్ల విడిపోయాయి. ఆలస్యమైన రోజులను తర్వాతి కాలం నుంచి తీసివేసే నిబంధన చట్టంలో లేదు కనుక ఈ మార్పు అలాగే స్థిరపడుతుంది.

లాటరీతో పంచిన 18 మంది

తెలుగు పాఠకులకు ఈ విషయంలో మరే భాషవారికీ లేనంత దగ్గరి అనుభవం 2014లో కలిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాజ్యసభలో 18 సీట్లుండేవి. విభజన చట్టం వాటిని 11, 7గా పంచింది. సీట్లను పంచడం తేలికే కానీ, అప్పటికే పదవిలో ఉన్న సభ్యులను ఎవరు ఏ రాష్ట్రానికి అన్న ప్రశ్న మిగిలింది. 2016లో విరమించేవారు ఆరుగురు, 2018లో ఆరుగురు, 2020లో ఆరుగురు. ఏ విడతలోనూ ఒక రాష్ట్రానికి అన్యాయం జరగకుండా 2016 విడతను 4, 2గా, 2018 విడతను 3, 3గా, 2020 విడతను మళ్లీ 4, 2గా విభజించారు. పేర్లు మాత్రం రాజ్యసభ చైర్మన్ సమక్షంలో లాటరీ తీసి నిర్ణయించారు.

లాటరీకి సభ్యుడి ఊరు, పార్టీ, ఉద్యమ చరిత్ర తెలియవు. తెలంగాణ రాష్ట్ర సమితి నాయకుడు కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ ప్రతినిధి అయ్యారు. రేణుకా చౌదరి, టి. దేవేందర్‌గౌడ్ కూడా ఆంధ్రప్రదేశ్ జాబితాలోకే వెళ్లారు. కె.వి.పి. రామచంద్రరావు, సి.ఎం. రమేశ్ తెలంగాణ జాబితాలో చేరారు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోరుతూ ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు ప్రవేశపెట్టే బిల్లు) పెట్టిన రామచంద్రరావు, రికార్డుల ప్రకారం అప్పుడు తెలంగాణ సభ్యుడు. ఈ పొంతనలేని స్థితి విడత వెంట విడతగా కరిగిపోయింది: రమేశ్ 2018లో ఆంధ్రప్రదేశ్ నుంచి, కేశవరావు 2020లో తెలంగాణ నుంచి ఎన్నికయ్యారు, రేణుకా చౌదరి 2024లో తెలంగాణ నుంచి తిరిగి సభకు వచ్చారు. పూర్తిగా సర్దుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

ఈ పంపకం పెద్ద వివాదం లేకుండా సాగడానికి మరో కారణం ఉంది. 2003 సవరణ తర్వాత రాజ్యసభ అభ్యర్థి ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న నిబంధన పోయింది, దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై, 30 ఏళ్లు నిండి ఉంటే చాలు. ఆ సవరణను సుప్రీంకోర్టు 2006లో కుల్దీప్ నయ్యర్ కేసులో సమర్థించింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచి నిర్మలా సీతారామన్, సురేశ్ ప్రభు, పరిమళ్ నత్వానీ, తెలంగాణ బీసీ నాయకుడు ఆర్. కృష్ణయ్య, తెలంగాణ నుంచి అభిషేక్ మను సింఘ్వీ సభకు వెళ్లారు. రాష్ట్రాల మండలిగా పుట్టిన సభలో రాష్ట్రానికీ సభ్యుడికీ మధ్య ముడి ఈ సవరణతో వదులైందన్న విమర్శలో బలం ఉంది. నివాసం కాక, ఎన్నుకున్న శాసనసభే ఆ ముడికి ఆధారమని కోర్టు భావించింది.

మధ్యలో వచ్చే మార్పులు: విలీనం, రాజీనామా

ఆరేళ్ల కాలం మధ్యలో శాసనసభ బలాబలాలు తలకిందులైనప్పుడు సభ్యుల ముందు రెండు దారులు ఉంటాయి. రెండింటినీ ఆంధ్రప్రదేశ్ చూసింది.

మొదటిది విలీనం. ఫిరాయింపుల నిరోధానికి ఉద్దేశించిన పదో షెడ్యూలు ప్రకారం, సభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది మరో పార్టీలో విలీనానికి అంగీకరిస్తే అనర్హత వర్తించదు. 2019 జూన్‌లో రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురు సభ్యులున్నారు. వారిలో నలుగురు, సరిగ్గా మూడింట రెండు వంతులు, భారతీయ జనతా పార్టీలో చేరారు. వారి కాలం యథాతథంగా కొనసాగింది, ఎన్నిక అవసరం రాలేదు.

రెండోది రాజీనామా. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 మంది ఉన్నందున విలీనానికి ఎనిమిది మంది కావాలి. అంతమంది లేనప్పుడు పార్టీ మారదలచినవారు పదవి వదులుకోక తప్పదు. ఆ ఆగస్టులో మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, సెప్టెంబరులో ఆర్. కృష్ణయ్య రాజీనామా చేశారు. డిసెంబరు ఉప ఎన్నికల్లో సానా సతీశ్‌బాబు, మస్తాన్‌రావు తెలుగుదేశం నుంచి, కృష్ణయ్య భారతీయ జనతా పార్టీ నుంచి ఏకగ్రీవంగా గెలిచారు. 2025 జనవరిలో వి. విజయసాయిరెడ్డి రాజీనామా చేయగా, ఆ స్థానం పాకా వెంకట సత్యనారాయణకు దక్కింది. ఉప ఎన్నికలో గెలిచినవారికి కొత్తగా ఆరేళ్లు రావు, ఖాళీ చేసినవారికి మిగిలిన కాలమే వస్తుంది. మోపిదేవి స్థానంలో వచ్చిన సభ్యుడి గడువు 2026 జూన్ 21 కాగా, మిగతా మూడు సీట్లకు 2028 జూన్ వరకు ఉంది.

ఉప ఎన్నికల పద్ధతిలో ఇంకో కీలకాంశం ఉంది. ఒకే రోజున రెండు మూడు ఖాళీలు భర్తీ చేసినా ఎన్నికల సంఘం ప్రతి ఖాళీని విడి ఎన్నికగా, విడి బ్యాలెట్‌తో నిర్వహిస్తుంది. ఒక్క సీటు ఎన్నికలో సగానికి మించిన బలం ఉన్న పక్షానిదే గెలుపు, దామాషాకు అక్కడ చోటే లేదు. 2019లో అమిత్ షా, స్మృతి ఇరానీ లోక్‌సభకు ఎన్నికై గుజరాత్‌లో రెండు సీట్లు ఖాళీ అయినప్పుడు రెండింటికీ కలిపి ఎన్నిక పెట్టాలని కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కలిపి పెడితే మూడోవంతుకు కాస్త మించిన బలంతో ఆ పార్టీకి ఒక సీటు వచ్చేది. కోర్టు జోక్యం చేసుకోలేదు, రెండు సీట్లూ భారతీయ జనతా పార్టీకే దక్కాయి. అందువల్ల రాజీనామాల సంఖ్య పెరిగే కొద్దీ శాసనసభలోని మెజారిటీకి అదనపు లాభం కలుగుతుంది. ఈ లాభం విడతల వ్యవస్థ ఉద్దేశించిన నిలకడకు విరుద్ధ దిశలో పనిచేస్తుంది. ఇది చట్టంలో మిగిలిపోయిన నిజమైన లోపం.

విడతలు చెదిరిన రాష్ట్రాలు

రాజ్యాంగం కోరిన మూడోవంతు సూత్రం దేశం మొత్తానికి వర్తించేది, ప్రతి రాష్ట్రానికీ విడిగా కాదు. రాష్ట్రపతి పాలనలో శాసనసభ లేని కాలంలో విడతలు గడిచిపోతే, కొత్త శాసనసభ వచ్చాక అన్ని ఖాళీలూ ఒకేసారి నిండుతాయి, ఆ తర్వాత అవి ఒకేసారి ఖాళీ అవుతూ ఉంటాయి. పంజాబ్‌లోని ఏడు సీట్లూ 2022లో కొద్ది నెలల తేడాతో ఖాళీ అయ్యాయి, ఏడూ ఆమ్ ఆద్మీ పార్టీకి వెళ్లాయి. ఢిల్లీలోని మూడు సీట్లూ 2024 జనవరిలో ఒకేసారి ఖాళీ అయ్యాయి.

జమ్మూ కశ్మీర్ పరిస్థితి మరీ తీవ్రం. అక్కడి నాలుగు సీట్లు 2021 ఫిబ్రవరిలో ఖాళీ అయ్యాయి. శాసనసభ లేనందున 2025 అక్టోబరు వరకు, నాలుగున్నరేళ్లకు పైగా ఆ ప్రాంతానికి రాజ్యసభలో ఎన్నికైన ప్రతినిధి లేడు. ఎన్నిక జరిగినప్పుడు ఆ సీట్లు మొదట వేర్వేరు విడతలవన్న కారణంతో ఎన్నికల సంఘం ఒకటి, ఒకటి, రెండుగా మూడు ప్రకటనలు ఇచ్చింది. నేషనల్ కాన్ఫరెన్స్‌కు మూడు, భారతీయ జనతా పార్టీకి ఒకటి వచ్చాయి. విడతల ఆనవాలు ఓటింగులో మిగిలింది కానీ పదవీకాలంలో మిగలలేదు, నలుగురి ఆరేళ్లూ కలిసే నడుస్తాయి.

అమెరికా సెనేట్‌లో ఈ సమస్య రాకుండా ముందే జాగ్రత్తపడ్డారు. అక్కడా కాలం ఆరేళ్లే, రెండేళ్లకు మూడోవంతు సీట్లకు ఎన్నిక. కానీ ఒక రాష్ట్రానికి చెందిన ఇద్దరు సెనేటర్లను ఒకే వర్గంలో ఉంచరు, కొత్త రాష్ట్రం చేరినప్పుడు లాటరీతో వర్గాలు తేలుస్తారు. 1913 నుంచి ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు కాబట్టి శాసనసభ కాలంతో ముడి కూడా లేదు. జర్మనీ బుందెస్రాట్ పూర్తిగా మరో కొసన ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన మంత్రులనే అక్కడికి పంపుతుంది, ప్రభుత్వం మారిన వెంటనే ప్రతినిధులు మారతారు. భారత్ ఈ రెండింటి మధ్య దారి ఎంచుకుంది: ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభే, ఎన్నికయ్యాక మాత్రం వెనక్కి పిలిచే అధికారం దానికి లేదు.

జమిలి ఎన్నికలు వస్తే

లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి ఎన్నికలు జరిపేందుకు ఉద్దేశించిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టి సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. రాజ్యసభ విడతలకు సంబంధించిన మార్పు అందులో లేదు. ప్రస్తుతం రాష్ట్రాల శాసనసభలు వేర్వేరు ఏళ్లలో ఏర్పడుతున్నందున, ఒకచోట మూడు విడతలు దక్కే కాలం మరోచోట రెండు విడతల కాలమవుతోంది. ఒక రాష్ట్రంలో పెరిగింది మరో రాష్ట్రంలో తగ్గి, దేశం మొత్తం మీద సభ కూర్పు నెమ్మదిగా మారుతోంది. 2014 తర్వాత లోక్‌సభలో స్పష్టమైన మెజారిటీ ఉన్న ప్రభుత్వం కొన్నేళ్ల పాటు రాజ్యసభలో మైనారిటీలో ఉండటానికి కారణం ఈ నెమ్మదే.

శాసనసభలన్నీ ఒకే ఏట ఏర్పడితే ఈ సర్దుబాటు చాలా వరకు పోతుంది. బేసి సంఖ్య ఏడాదిలో వేసవి ఎన్నికలు జరిగితే, విడతలు సరి సంఖ్య ఏళ్లలో ఉన్న రాష్ట్రాలన్నిటిలో ఆ శాసనసభలకు మూడు విడతలూ వస్తాయి. సరి సంఖ్య ఏడాదిలో జరిగితే రెండే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఎన్నికలు చాలాకాలంగా లోక్‌సభతో పాటే జరుగుతున్నాయి కాబట్టి, 2019లో పదకొండు, 2024లో ఎనిమిది అన్న అక్కడి వరుసే దేశంలో ఎక్కువ రాష్ట్రాల వరుసగా మారవచ్చు. రద్దయిన శాసనసభకు మిగిలిన కాలానికే ఎన్నిక జరపాలన్న బిల్లులోని నిబంధన ఈ వరుసను మరింత బిగిస్తుంది. సంయుక్త సంఘం ముందున్న చర్చ ఎక్కువగా ఖర్చు, పరిపాలన, సమాఖ్య స్ఫూర్తి చుట్టూ తిరుగుతోంది. ఎగువ సభ విడతలను రాష్ట్రాల వారీగా తిరిగి అమర్చడం, ఉప ఎన్నికల ఖాళీలను కలిపి భర్తీ చేయడం అనే రెండు అంశాలను కూడా దానితోపాటే పరిశీలించాల్సి ఉంటుంది. మొదటిదానికి 154వ సెక్షన్‌లో, రెండోదానికి ఆకస్మిక ఖాళీలకు సంబంధించిన 147వ సెక్షన్‌లో సవరణ అవసరమవుతుంది. ఈ రెండు సెక్షన్లూ సాధారణ చట్టంలోనివి కాబట్టి, 83వ అధికరణకు లోబడి, పార్లమెంటు సాధారణ మెజారిటీతోనే వాటిని మార్చగలదు.